ఆ గుహలో వెలుతురు ఎక్కడిది?

గుహ సెట్టు వేయడమంత సులువైన పని ఇంకోటి లేదని మా రోజుల్లో స్టూడియోల్లో ఒక మాట ఉండేది. నాలుగు వెదుళ్లు కట్టి, పైన గోనెపట్టాలు కప్పి, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పూసి, బూడిదరంగు కొడితే గుహ తయారు! రాజుగారి దర్బారుకైతే స్తంభాలు తిన్నగా నిలబడాలి. గుహకేం? ఎంత వంకరగా ఉంటే అంత సహజం. షూటింగు అయిన మర్నాడు దానికే రెండు ఇనప ఊచలు తగిలిస్తే కారాగారం. ఆ తర్వాత రెండు తీగలు వేలాడదీస్తే అడవి.

మన తెలుగువాళ్లకి గుహంటే మాత్రం ఇప్పటికీ ‘పాతాళభైరవి’ గుహే. 1951లో మద్రాసు వాహినీ స్టూడియోలో తయారైన సినిమా అది. కళ గోఖలే, కళాధర్ గార్లది. కెమేరా మార్కస్ బార్ట్‌లీ గారిది. నేపాళ మాంత్రికుడి వెంట తోటరాముడు లోపలికి అడుగుపెడుతుంటే టూరింగు టాకీసుల్లో నేల క్లాసు జనం ఊపిరి బిగబట్టి చూశారు. నేనూ చూశాను... చాలా ఏళ్ల తర్వాత అనుకోండి.

ఇప్పుడీ గుహల గొడవ ఎందుకంటారా? చెబుతాను.

2024లో ‘మంజుమ్మల్ బాయ్స్’ అనే మలయాళ చిత్రం తెలుగులోకి కూడా వచ్చింది కదా. 2006లో కొడైకెనాల్ ‘గుణ’ గుహల్లో జరిగిన సంఘటన ఆధారంగా తీశారు. అది చూసిన ఒక డైరెక్టరుగారికి తన జానపద చిత్రంలో ‘అసలు సిసలు’ గుహ కావాలనిపించింది. ఆ సినిమాలో గుహ చాలావరకు పెరుంబావూరులో ఒక గోడౌనులో వేసిన సెట్టేనని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు! లొకేషను చూసి రమ్మని ఆయన తన కళాదర్శకుణ్ణి పంపారు. ఆ కళాదర్శకుడు నాకు పాతికేళ్లుగా మిత్రుడు.

“గురువుగారూ, బెలూం వెళ్తున్నాను. మూడు కిలోమీటర్ల పైచిలుకు గుహట. మీరెప్పుడో వెళ్లామన్నారుగా, తోడు రండి” అని ఫోను చేశాడు.

వెళ్లాను. 1986లో. ఆ ప్రయాణం నుంచి ఒక వస్తువు తెచ్చుకున్నాను కూడా. వేలెడంత రాయి, నా రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ముప్ఫై ఎనిమిదేళ్లుగా కాపలా కాస్తోంది. అది ఎక్కడిదని అడిగినవాళ్లకి ‘ఔట్‌డోర్‌లో దొరికింది’ అని చెబుతూ వచ్చాను. ఈసారి బయల్దేరేటప్పుడు దాన్ని చేతిరుమాల్లో చుట్టి సంచీలో వేసుకున్నాను. మిత్రుడికి చెప్పలేదు.

తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల దారి పట్టాక ఊళ్లన్నీ నాపరాయే. ఇంటి కప్పు నాపరాయి, చేను చుట్టూ కంచె నాపరాయి, టీకొట్టు ముందు బల్ల నాపరాయి. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పలకలు పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. మధ్యలో సిమెంటు ఫ్యాక్టరీలు. ఈ సున్నపురాయే గుహలకి తల్లి. ఈ రాయినే మనం కోసి ఇళ్లలో పరుచుకుంటున్నాం, కాల్చి సిమెంటు చేసుకుంటున్నాం.

కారు ఆగగానే మావాడు చుట్టూ చూశాడు. “కొండేదండీ?”

నేనూ మొదటిసారి ఇదే అడిగాను! ఎర్రమల కొండలు దూరంగా ఉంటాయి. గుహ మాత్రం చదును నేల కింద ఉంది. పైనుంచి చూస్తే బావుల్లాంటి మూడు గోతులు. మధ్య గోతిలోంచే దారి. సంస్కృతంలో ‘బిలం’ అంటే గొయ్యి, కన్నం. బెలూం పేరు దాన్నుంచే వచ్చిందంటారు. ఇప్పుడు పెద్ద బుద్ధుడి విగ్రహం, టిక్కెట్లిచ్చే గది, ఇనప మెట్లు అన్నీ ఉన్నాయి. మెట్ల మొదట్లో మావాడు సెల్‌ఫోనుతో వీడియో తీసుకుంటుంటే, నాకు ఆ చోటే చెత్తకుప్పగా కనిపించింది.

నిజమే, అప్పుడది చెత్తకుప్పే. చుట్టుపక్కల చెత్తంతా తెచ్చి ఆ గోతుల్లో పోసేవారు. 1986లో నేను వెళ్లింది సినిమా పనిమీదే. ఒక నిర్మాత రాయలసీమలో లొకేషన్ల మీద వ్యాసం రాయమన్నారు. ఊళ్లో అడిగితే ఒక పెద్దాయన పెట్రోమాక్సు లైటుతో వచ్చాడు. తలపాగా, మోకాళ్లదాకా పంచె. చెప్పులు గోతి ఒడ్డునే విడిచాడు. “నువ్వు బూట్లతోనే రా నాయనా, కింద గాజు పెంకులుండాయి” అన్నాడు. ఆయన మాత్రం ఉత్తకాళ్లతోనే!

తాడు పట్టుకుని, చెత్త మీద జారుతూ దిగాం. లోపల గబ్బిలాల కంపు. కొంచెం దూరం పోగానే ఉక్క. గుహంటే చల్లగా ఉంటుందని కదా మనం అనుకుంటాం? బెలూంలో అది అబద్ధం. పది నిమిషాల్లో నా చొక్కా పిండితే నీళ్లొచ్చేలా తయారైంది. ఇప్పుడు గొట్టాల ద్వారా లోపలికి గాలి పంపుతున్నారు. అప్పుడు మన ఊపిరి మనమే పీల్చుకోవాలి.

నడుస్తూ పెద్దాయన ఒక సంగతి చెప్పాడు. “నాలుగేండ్ల కింద జర్మనీ దొరలొచ్చినారు. వాళ్ల మూటలు మోసినోళ్లల్లో నేనొకణ్ణి. వాళ్లు సూసేదానికి రాలేదు నాయనా, కొలిసేదానికొచ్చినారు.”

ఆయన చెప్పింది డేనియల్ గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషకుడి బృందం గురించని నాకు తర్వాత తెలిసింది. అసలు ఈ గుహ గురించి మొదట కాగితం మీద పెట్టినవాడు బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1884లో. ఆ కాలంలోనే ఆయన ఇక్కడికి దగ్గర్లో బేతంచెర్ల వైపున్న బిల్లసర్గం గుహల్లో తవ్వించి, పురాతన జంతువుల ఎముకలు వెలికితీశాడు. బెలూం మాత్రం దాదాపు నూరేళ్లపాటు మళ్లీ ఎవరికీ పట్టలేదు. 1982, 83ల్లో గెబావర్ బృందం వచ్చి వివరంగా శోధించి, పటం గీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు అని తేలింది.

ఆ అంకె వెనక ఏముందో చూడండి. సినిమాలో అయితే హీరో కాగడా పట్టుకుని దూసుకుపోతాడు, అంతే. అసలు గుహాన్వేషకుడి చేతిలో ఉండేవి టేపు, దిక్సూచి, వాలు కొలిచే చిన్న పరికరం, ఒక నోటుపుస్తకం. ఒకడు ముందుకు పాకి, టేపు అందినంత దూరంలో ఆగుతాడు. వెనకున్నవాడు దూరమెంత, ఏ దిక్కు, ఎంత ఎత్తు లేక పల్లం అని చదువుతాడు. ఇంకొకడు బురదచేతుల్తో రాసుకుని, గోడల వంకర బొమ్మ గీసుకుంటాడు. మళ్లీ ముందుకు. ఇలా ముక్కలు ముక్కలుగా కూడితే 3,229 అయింది! నడుం వంచి పోయేచోట వంచి, వంచినా పట్టనిచోట పొట్టమీద పాకి. దారి చీలితే రెండు చీలికలూ కొలవాలి. మూసుకుపోయిన దారి కూడా, మూసుకుపోయిందని తెలియడానికి, చివరిదాకా పాకి చూడాల్సిందే. మేఘాలయలో 30 కిలోమీటర్లు దాటిన గుహ ఉంది, అదీ ఇలా కొలిచిందే. ఏ రీలులోనూ చూపించరు ఈ పని. చూపిస్తే మొదటి వారానికే డబ్బాలు వెనక్కొస్తాయి.

సరే, నా సంగతి. ఒక సన్న దారిలో పక్కకి తిరిగి దూరుతుండగా పెద్దాయన చేతిలో పెట్రోమాక్సు గోడకి తగిలింది. మేంటిల్ రాలిపోయింది. లైటు పోయింది. నా దగ్గర టార్చి ఉందిగా అనుకుని కంగారుగా నొక్కబోయాను. చెమట చేతుల్లోంచి జారి ఎటో దొర్లింది. గుడుగుడుమని చప్పుడు, తర్వాత నీళ్లలో పడ్డ చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

చీకటంటే నాకు తెలుసనుకునేవాణ్ణి. సినిమా హాల్లో లైట్లు తీసేస్తే చీకటి. కరెంటు పోతే చీకటి. అవేవీ చీకటి కావండీ. అక్కడ కళ్లు మూసినా తెరిచినా ఒకటే. చెయ్యి మొహానికి అంటించుకున్నా కనిపించలేదు. కాసేపు ఆగితే కళ్లు అలవాటు పడతాయని చూశాను. అలవాటు పడటానికైనా ఇంత వెలుతురు ఉండాలిగా! నా గుండె చప్పుడు నాకు గోడలోంచి వినిపిస్తున్నట్టుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, లేచి పరిగెత్తబోయాను. ఎటు పరిగెత్తేవాణ్ణో దేవుడికే తెలియాలి.

“కదలగాకు” అన్నాడు పెద్దాయన. గొంతు మామూలుగానే ఉంది. “కూసో. నడుముకాడ ఇంగో మేంటిలుండాది. తలపాగాలో అగ్గిపెట్టె ఉండాది. తడుముకుంటా కట్టాల, కొంచేపు పడ్తాది. పుల్లలు నాలుగే ఉండాయి, కట్టినంక గీస్తా. అంతలోపల నువ్వు మాట్లాడుతుండు.”

“ఏం మాట్లాడను?” నోరు పిడచకట్టుకుపోయింది.

“సినిమావోడివి గదా. ఏదన్న సినిమా కథ జెప్పు.”

నమ్మండి, ఆ క్షణంలో నాకు ఒక్క సినిమా గుర్తు రాలేదు. వారానికి నాలుగు సినిమాలు చూసి సమీక్షలు రాసేవాణ్ణి! చివరికి ‘పాతాళభైరవి’ అందుకున్నాను. తడబడుతూ మాంత్రికుడి దగ్గర మొదలెడితే, “ముందు తోటలో పాటుండ్ల్యా?” అని సర్దాడు. కోవెలకుంట్లలో టూరింగు టాకీసులో ఏడుసార్లు చూశాడట. నేను చెబుతున్నాను, ఆయన దిద్దుతున్నాడు. మధ్యమధ్య గాజుచిమ్నీ విప్పిన టింగుమనే చప్పుడు, దారం పళ్లతో కొరికిన చప్పుడు. కథ గుహలోకి వచ్చేసరికి ఆయన ఆగాడు.

“నాయనా, ఒకటడుగుతా. తోటరాముడు గుహలోకి పోయినంక వానికంతా కనపడతా ఉంటాది గదా. మనకూ కనపడతా ఉంటాది. ఆ గుహలో ఎలుతురు యాడిది?”

నాకు నవ్వొచ్చింది. ఆ చీకట్లో నవ్వొచ్చింది! పైన పరంజా మీద లైట్‌బాయ్‌లు కూర్చుని ఉంటారు పెద్దాయనా, పెద్దపెద్ద దీపాలు వాళ్ల చేతుల్లో ఉంటాయి, అవి మనకి కనిపించకుండా కెమేరా పెడతారు, అని చెప్పాను.

“అట్లనా” అన్నాడు. కాసేపాగి, “ఏడుసార్లు సూసినా, అది నాకు తెలీకపాయ” అన్నాడు. మొదటి పుల్ల చెమ్మకి వెలగలేదు. రెండోది వెలిగింది. ఆ పుల్ల వెలుగులో ఆయన మొహం చూసినంత సంతోషంగా ఏ హీరో ఇంట్రడక్షన్ షాటూ చూడలేదు నేను.

తిరిగివస్తూ, అంత గండం గడిచినవాణ్ణి, ఏం చేశానో తెలుసా? కప్పునుంచి వేలాడుతున్న సన్నటి రాతివేలు ఒకటి కనిపిస్తే ‘గుర్తుగా ఉంటుంది’ అని విరిచేశాను. కంచు మోగినట్టు మోగింది. పెద్దాయన తిరిగి చూశాడు. తిట్టలేదు. “పైకి పోయినంక అది ఉత్త రాయే” అన్నాడు, అంతే. ముందుకు నడిచాడు.

ఆ వేలు ఎలా పుడుతుందో అప్పుడు నాకు తెలియదు. వాననీరు గాల్లోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని పల్చటి ఆమ్లమవుతుంది. సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. కప్పు దగ్గర బొట్టుగా వేలాడినప్పుడు ఆ వాయువు కొంత విడిపోయి, పిసరంత సున్నం అక్కడ మిగులుతుంది. బొట్టు రాలుతుంది, ఇంకో బొట్టు వస్తుంది. సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. నా కాగితాలబరువు నాలుగంగుళాలు. లెక్క మీరే వేసుకోండి. వెయ్యేళ్లు చాలదు.

మళ్లీ 2024కి వద్దాం. 1988లో ప్రభుత్వం గుహని రక్షిత ప్రదేశంగా తీసుకుంది. చెత్త తీయించడం, దారి వేయడం, దీపాలు పెట్టడం పెద్ద పనే అయింది. 1999 నుంచి పర్యాటకాభివృద్ధి సంస్థ పూనుకుని, 2002లో జనానికి తెరిచింది. మొత్తంలో ఒకటిన్నర కిలోమీటర్ల మేర మాత్రమే చూడనిస్తారు. మిగతాది ఇప్పటికీ పాకేవాళ్లదే.

పసుపు దీపాల్లో నేను నా దారిని గుర్తుపట్టలేకపోయాను. సింహం తలలా తోచే సింహద్వారం, కప్పంతా లింగాలు వేలాడుతున్న కోటిలింగాలు, ఊడలమర్రి, పడగల గది... అన్నిటికీ పేర్లు పెట్టి బోర్డులు తగిలించారు. సప్తస్వరాల గుహలో రాళ్లని కొడితే లోహంలా మోగుతాయి. బడిపిల్లల గుంపొకటి వచ్చింది. ఒక కుర్రాడు చెయ్యెత్తి తట్టబోతే వాళ్ల టీచరమ్మ వీపుమీద ఒకటి వేసింది. నా వీపు చురుక్కుమంది.

మావాడు మాత్రం పనిలో పడ్డాడు. టేపు తీసి దారి వెడల్పు కొలిచాడు. “ట్రాలీ పట్టదు. క్రేను మాట మర్చిపోవచ్చు.” కప్పు చూశాడు. “లైటు స్టాండు ఎత్తితే పైన తగులుతుంది.” ఇంకాస్త దూరం నడిచి చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. “మన యూనిట్ ఎంతమంది? ఎనభై. ఫైటర్లు ఇంకో ముప్ఫై. ఈ ఉక్కలో, ఈ గాలిలో, పైగా లైట్ల వేడి...” అని ఆగి, గోడ వైపు చాలాసేపు చూశాడు. తాకలేదు. అది నాకు నచ్చింది. ఇంకో ఊళ్లో ఇంకో గుహలో, ఒక యూనిట్ వాళ్లు ఫ్రేముకి అడ్డమొచ్చిందని రాతిస్తంభం కొసని సుత్తితో కొట్టించడం నేను కళ్లారా చూశాను. దాని గురించి అప్పట్లో ఒక్క ముక్క రాయలేదు. ఆ నిర్మాత మా పత్రికకి నెలనెలా ప్రకటనలిచ్చేవాడు.

చివరికి పాతాళగంగ చేరాం. ప్రవేశద్వారం మట్టం నుంచి 46 మీటర్ల లోతని లెక్క. గుహ మొత్తంలో ఇదే అడుగు. సన్నటి నీటిపాయ రాళ్ల మధ్య వచ్చి, రాళ్లలోకే పోతుంది. రెండు కిలోమీటర్ల అవతల బెలూం ఊరి బావిలోకి చేరుతుందని స్థానికుల నమ్మకం. నా టార్చి మింగింది ఈ నీళ్లేనా, ఇంకెక్కడో మడుగా... తెలియలేదు.

మిత్రుడు ముందుకెళ్లాక సంచీలోంచి చేతిరుమాలు తీశాను.

“సార్! ఏమేస్తాండారు నీళ్లల్లో?” వెనకనుంచి గైడు కుర్రాడు. పాతికేళ్లుంటాయి.

దొంగలా దొరికిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ కుర్రాడు రాయిని తీసుకుని దీపం దగ్గర తిప్పి చూశాడు. “యాడ ఇరిసినారో సూపించగలరా సార్?”

చూపించలేకపోయాను. ముప్ఫై ఎనిమిదేళ్ల నాటి దారి, పెట్రోమాక్సు వెలుగులో చూసిన దారి. పోనీ చూపించినా ఏం లాభం, అతుక్కుంటుందా? “నీళ్లల్లో ఏం ఎయ్యగూడదు సార్” అని మర్యాదగానే నా చేతిలో పెట్టేశాడు. పెద్దాయన గురించి అడిగాను. పేరు కూడా నేను రాసుకోలేదు కదా, ఎవరని చెబుతాడు పాపం!

మెట్లెక్కి పైకొచ్చాక మావాడు డైరెక్టరుగారికి ఫోను చేశాడు. “కుదరదండీ... లేదండీ, పర్మిషను సంగతి కాదు... సెట్టే వేద్దాం.” అవతల ఆయన ఏమన్నారో గానీ ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత, “మీ చేతిలో ఏంటండీ అది?” అని అడిగాడు. అంతా చూశాడన్నమాట! ఒక నెల అరువియ్యమన్నాడు. దాని మీంచి అచ్చు తీసి, కొలతలు పెంచీ తగ్గించీ, ప్లాస్టర్‌లో రాతివేళ్లు పోయించాడు. నిజం చెప్పొద్దూ, సెట్టు అద్భుతంగా వచ్చింది. మూల వంకరగా పోయేచోట ఎందుకు వంకర పోయిందో కూడా మావాడికిప్పుడు తెలుసు.

షూటింగు మొదటిరోజు నన్ను పిలిచారు. కెమేరామన్ గుహంతా కలయదిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాడు: “అంతా బావుంది. కానీ ఈ గుహలో లైట్ సోర్సు ఎక్కడిదని చూపించాలి? వెలుతురు ఎటునుంచి వస్తోందనుకోవాలి ప్రేక్షకుడు?”

మావాడు నా వైపు చూశాడు. “ఒకసారి అన్నీ ఆపేయించండి, చూద్దాం” అన్నాను నేను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఫ్లోరు మీద లైట్లన్నీ ఆపారు. తలుపు సందులోంచి సన్నటి ఎండచార. ఎవరిదో సెల్‌ఫోను. కళ్లు చక్కగా అలవాటు పడ్డాయి. ఇంతలో పైన పరంజా మీద, ఇదే సందనుకుని, ఒక లైట్‌బాయ్ బీడీ వెలిగించాడు.